చేపలామె కట్టిన పట్టీ

గ్రంథాలయంలో మా ఊరి చరిత్ర రెండుసార్లు చదివాను. అందులో దాతలంతా ఉన్నారు, యానాం నుంచి చేపలు తెచ్చి అమ్మిన ఆమె లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎంత పెద్ద రైతు చేపను నొక్కి చూసినా ఆమెది ఒకటే మాట: "కొంటే ముట్టుకోండి. లేదంటే చెయ్యి తియ్యండి."

ఎవరినో కుక్క కరిచిందని, పంచాయతీవాళ్లు పంపిన మనుషులు కర్రలతో బజారుకొచ్చారు. ఆమె ఎదుటే ఒక ఊరకుక్కను తల పగిలేదాకా కొట్టారు. ఏ మేడలోని బొచ్చుకుక్కకు పుట్టిందో, చెవుల నిండా జుట్టున్న దాని పిల్ల వచ్చి ఆ నెత్తుటిలో పాలు వెతుక్కుంది. ఒకడు దాని మెడ పట్టాడు.

"చెయ్యి తియ్యండి," అంది ఆమె.

"మెడకు పట్టీ లేనివన్నీ చంపమన్నారు. ఏం, నీదా ఏంటి?"

"నాదేనండి. ఇప్పుడే కడతాను."

చీర అంచు చింపి వంగింది. ఇంకొకడి కర్ర పడి ఆమె ముంజేతి ఎముక విరిగింది. రెండో చేత్తో, పళ్లతో పిల్ల మెడకు ముడి బిగించింది. పట్టీ ఉన్నదాన్ని చంపకూడదు కనుక వాళ్లు వెళ్లిపోయారు.

ఆ ఎముక సరిగా అతకలేదు. అప్పటినుంచి రోజూ ఆమె గంప దించిన సూరమ్మ గారికి, పిల్లకు పాలు పోసిన టీకొట్టు వెంకన్న గారికి, ఆమె చేతిమీద పడ్డ కర్ర తనదేనని నాతో చెప్పి తన పేరు దాచొద్దన్న అప్పారావుకు నా కృతజ్ఞతలు.