గోడ మీది గిన్నె

మొన్న ఆదివారం తెల్లారేసరికి మా పక్కింటి మామ పోయినాడు. గోడ అవతల నుంచి అత్త నన్ను పేరు పెట్టి పిలిచింది. రోజూ "ఒరే తుంటరోడా" అని పిలిచే మనిషి పేరు పెట్టి పిలిచేసరికే నాకు సంగతి తెలిసిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా పోయినా.

ఆయనకూ నాకూ రక్తసంబంధం ఏం లేదు. మార్కాపురంలో మా రెండిళ్ళకూ ఒకటే గోడ, అదే చుట్టరికం. ఆయన పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చే మేస్త్రి. ఆ గోడ కూడా పనికిరాని పలకరాయి ముక్కలు పేర్చి ఆయనే కట్టినాడు, ఛాతీ ఎత్తుకు. "అంతకన్నా లేపితే మనిషి మొహం కనపడదు రా అల్లుడా" అన్నాడు. నేను ఒంటిగాణ్ణి. నా వంట సంగతి వీధికంతా తెలుసు. అందుకని పొద్దున అత్త ఏం కూర చేసినా ఒక గిన్నె గోడ మీదికి వచ్చేది.

ఉచ్చకు ఇబ్బందిగా ఉందంటే వయసులే అని ఊరుకున్నాడు మామ. నడుము నొప్పి పట్టుకున్నాక ఒంగోలు తీసుకపోతే ప్రోస్టేటు క్యాన్సర్ అన్నారు, అప్పటికే ఎముకల్లోకి పాకిందన్నారు. ఆ గడ్డకు మగ హార్మోనే తిండంట. అది ఊరకుండా ఆపేదానికి మూడు నెలలకోసారి ఇంజెక్షను పెట్టినారు.

దాంతో ఒంట్లో సెగలు మొదలైనాయి. ఊరంతా దుప్పట్లు కప్పుకునే చలిలో ఈయన అరుగు మీద బనీను విప్పేసి పలకతో విసురుకుంటా కూచునేవాడు. "ఇప్పుడు తెలిసొచ్చిందా, ముట్లుడిగినప్పుడు నేను పడిన బాధ" అనేది అత్త. నేనూరుకుంటానా. ఒక పలక మీద "ఇక్కడ చలి కాచుకోవచ్చు" అని రాసి వాళ్ళ గేటుకు తగిలించినా. మామ చదువుకొని దాన్ని తియ్యలేదు. కింద సుద్దముక్కతో "అల్లుడికి మాత్రం టికెట్టు" అని రాసినాడు.

ఏడాది పైనే బాగున్నాడు. రక్తపరీక్షలో గడ్డ జోరు చెప్పే అంకె దిగిపోయింది. మళ్ళీ ఫ్యాక్టరీ దాకా నడిచిపోయి కుర్రమేస్త్రీల పని చూసి తిట్టి వచ్చేవాడు. ఆ తర్వాత అంకె ఎక్కడం మొదలుపెట్టింది.

చూసేదానికి వచ్చినోళ్ళంతా డాక్టర్లే. కోడిమాంసం తిన్నాడేమో అని ఒకడు, మందు వేళకు పడలేదేమో అని ఇంకొకామె. ఆ రెండో మాట అత్తకు ముల్లయి దిగింది. కురిచేడులో చెల్లెలి కూతురి పెళ్ళని ఒక ఇంజెక్షను నాలుగు రోజులు వెనక్కి జరిపింది ఆమే. తినడం మానేసింది. "నేనే చంపుకుంటన్నా" అనింది ఒకరోజు.

అప్పుడు మామకు జబ్బు కన్నా అదే పెద్ద పనయింది. "నేను పోతే పోతా అల్లుడా, ఆ మాట నెత్తిన పెట్టుకొని ఇది బతకగూడదు" అన్నాడు. ముగ్గురం ఒంగోలు పోయినాం. డాక్టరమ్మను మామే అడిగినాడు, "గడ్డకు తిండి కట్టేస్తిరి గదమ్మా, మరి ఎట్ల పెరుగుతాంది?"

ఆమె ఓపిగ్గా చెప్పింది. "ఇంజెక్షన్ తన పని తాను చేస్తానే ఉంది. కానీ గడ్డ ఒంటరిగా ఉండదు. చుట్టూ మామూలు కణాలుంటాయి, రక్తనాళాలుంటాయి, కాపలా కాయాల్సిన తెల్లకణాలుంటాయి, ఎముకలో అయితే ఎముక కణాలు. వాటిని మెల్లగా తన వైపు తిప్పుకుంటుంది. వేరే గ్రంథుల నుంచి వచ్చే ముడిసరుకుతో అక్కడికక్కడే కాస్త హార్మోన్ చేసి ఇచ్చేవి కొన్ని. అది లేకపోయినా బతకమని కబురు పంపేవి కొన్ని. నాలుగు రోజుల ఆలస్యంతో ఇది రాదమ్మా. వేళ తప్పకుండా వేయించుకున్నోళ్ళకు కూడా వస్తుంది."

అత్త తల ఊపింది గానీ నమ్మలేదు. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకొని కూచుంది.

పొదిలి దాటినాక మామ మొదలుపెట్టినాడు. "ఏమే, పుల్లలచెరువు కాడ మా నాయన్ను వెలేసిన సంగతి నీకు తెలుసు గదా. బావి కాడ తగువు. నిప్పు ఇయ్యగూడదు, నీళ్ళు ఇయ్యగూడదు అని కట్టుబాటు. మేం ఎండి ఊరొదిలి పోతామనుకున్నారు పెద్దమనుషులు. పోలేదు. ఎందుకు పోలేదు?"

"పక్కింటి అవ్వ గోడ మీంచి సంగటి అందించింది" అంది అత్త, మొహం తిప్పకుండానే.

"మరి పెద్దమనుషులు కట్టుబాటు ఒకరోజు ఆలస్యంగా పెట్టినందుకు బతికినామా?"

అత్త మొహం ఇటు తిప్పింది.

"నా లోపల ఈ గడ్డకు కూడా అట్లాంటి అవ్వ ఉంది. ఆ గిన్నెతోనే నేను బతికినా, ఆ గిన్నెతోనే పోతన్నా. ఇందులో నువ్వెక్కడున్నావే?"

బస్సులో అత్త ఏడ్చింది. చాలా రోజులకు ఏడ్చింది. దిగినాక ఆమే ఇడ్లీ అడిగి తినింది.

అయితే ఆమెది కూడా మా ఊరి బుర్రే. మర్నాటి నుంచి గోడ మీదికి గిన్నె రావడం ఆగిపోయింది. గోడ మీంచి ఇవ్వడంలోనే ఏదో కీడుందని తీర్మానించుకుంది. నేను నోరు మూసుకొని పచ్చడి మెతుకులు తిన్నా. వారానికి మామే కనిపెట్టినాడు. "గోడేం పాపం చేసిందే? డాక్టరమ్మ గడ్డకు పెట్టబాకనింది గానీ అల్లుడికి పెట్టబాకనిందా? వాణ్ణి వెలేస్తే ఈ వీధిలో నవ్వేదానికి ఎవరున్నారు?" ఆ మధ్యాహ్నం ఉలవచారు వచ్చింది.

డాక్టరమ్మ మందు మార్చింది. దాంతో ఇంకొన్ని నెలలు దొరికినాయి. ఆ నెలల్లో అత్త కడుపునిండా తినడం మామ చూసినాడు. ఆయనకు కావలసింది అదే.

సమాధి చేసి వచ్చినాక రెండు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఈసారి గోడ మీద గిన్నె పెట్టింది నేను. పప్పు మాడింది. అత్త తిని గిన్నె కడిగి ఇచ్చింది.

నిన్న పొద్దున ఉలవచారు వాసన వచ్చింది. అత్త గిన్నె గోడ మీద పెట్టి చెయ్యి తియ్యలేదు.

"ఆ నాలుగు రోజుల వల్ల కాదు గదా రా తుంటరోడా?"

నా మాట ఈ వీధిలో ఎవురూ నమ్మరు. "కాదత్తా" అన్నా. నా కళ్ళలోకి చూసి చెయ్యి తీసింది.

గిన్నె ఎత్తుకున్నాక పలకరాయి మీద గుండ్రంగా తడి మిగిలింది. అది ఆరిపోయేదాకా అక్కడే నిలబడినా.