మా కుక్కకు వేయించని సూది

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు సూర్యాపేట నుంచి గొడ్ల డాక్టరు మా ఊరికి వచ్చాడు. గొర్రెలకు రోగాల సూదితో పాటు, పిచ్చి రాకుండా కుక్కలకూ సూది వేస్తానని చాటింపు వేయించాడు. నేను కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది. మగవాళ్లు మందతో అనంతగిరి దిక్కు పోయారు. కాలికి ముల్లు విరిగిన మంద కుక్క ఒకటి ఇంటి దగ్గరే ఉండిపోయింది.

సూది వేస్తే కుక్క మెత్తబడుతుందనీ, తోడేలు ఎదురొచ్చినా మొరగదనీ ఊళ్లో అనుకున్నారు. నేను నమ్మాను. డాక్టరు మా వాడకు రాగానే కుక్కను గడ్డివాము వెనక కట్టేసి వచ్చాను.

"మీ ఇంట్ల కుక్క లేదామ్మా?"

"మందెంబడి పోయింది సారూ."

మా పొలంలో నాట్లు వేసే ఆమె, నేను అక్కా అని పిలిచేదాన్ని, అప్పుడే సూది వేయించిన కుక్కపిల్లను కొంగులో పెట్టుకుని అటుగా పోతోంది. మా గడ్డివాము వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

తొలి వానలప్పుడు ఎక్కడిదో పిచ్చికుక్క వచ్చి మా కుక్కను కరిచింది. చెవి దగ్గర చిన్న గాటు. పసుపు అద్ది ఊరుకున్నాం. నెల తిరిగేసరికి మా కుక్క చొంగ కార్చుకుంటూ పొలం మీద పడి, వంగి నారు పీకుతున్న అక్క పిక్క పట్టుకుంది. దాన్ని కర్రలతో కొట్టి చంపారు.

మా బండి మీదే ఆమెను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాను.

"కరిచిన కుక్కకు సూది ఏయించిన్రా?" అని అడిగాడు అక్కడి డాక్టరు.

"మా ఊరికి ఎవ్వరు రాలేదు సారూ," అన్నాను.

బల్ల మీద కూర్చున్న అక్క నా ముఖంలోకి చూసింది.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. రోజూ నేనే వెంట పోయాను. నాలుగో రోజు తిరిగి వస్తుంటే బండిలో ఆమే అంది:

"చెల్లె, ఆ దినం గడ్డివాము ఎనక కుక్క మూలుగుడు నేను ఇన్న. డాక్టరు ముందట చెప్తె నీకు సిగ్గయితదని ఊకున్న."

తప్పయిందనాలి. "నొప్పి శాన ఉన్నదా అక్కా?" అన్నాను.

"ఉంటది మరి," అని కడుపు మీద చెయ్యి పెట్టుకుని పక్కకు తిరిగింది.

ఆమె బతికింది. ఆ ఏడు మాత్రం నాట్లకు రాలేకపోయింది. మళ్లీ ఏడు గొడ్ల డాక్టరు వచ్చినప్పుడు మా కొత్త కుక్కపిల్లను అందరికంటే ముందు తీసుకుపోయాను. "గీ అమ్మను సూసి నేర్చుకోండ్రి," అన్నాడాయన అందరితో. నా వెనకే అక్క తన కుక్క తాడు పట్టుకుని నిలబడి ఉంది. నేను తల కూడా తిప్పలేదు.

ఎన్నో ఏళ్ల తర్వాత ఒకనాడు ఇద్దరం కలుపు తీస్తుండగా, "తప్పయింది అక్కా," అన్నాను.

ఆమె చెయ్యి ఆపలేదు.

"గిప్పుడా చెల్లె?" అంది.