మేడమ్ కూల్చిన గోడ

మా బోటనీ మేడమ్ మొన్న పొద్దున పోయారు. తార్నాకలో మా పక్క పోర్షన్‌లో ఉండేవారు. చూడ్డానికొచ్చిన ఇంటి ఓనర్ వరండాలో నిలబడి, "పెద్ద వయసు కదమ్మా, ఏం చేస్తం" అన్నాడు. అక్కడ నోరు విప్పితే శవం ముందే గొడవయ్యేది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

యూనివర్సిటీ క్యాంపస్‌లో నాకు పాఠం చెప్పింది ఆమే. ఎన్నేళ్లున్నా కడప యాస పోలేదు. బూజు పట్టిన రొట్టెను గీకి తినేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. "పైన కనబడేది కొంచెమేమ్మా, వేరు లోపలుంటాది" అనేవారు.

మా రెండు పోర్షన్లకూ మధ్య ఒకటే గోడ. లోపలి పైపు కారి అది నల్లగా బూజు పట్టింది. చెప్పినప్పుడల్లా ఓనర్ పెయింటర్‌ను పంపేవాడు. వానలు పడగానే తెలుపు మీదికి మళ్లీ నలుపు. మా పాపకు దగ్గు పట్టుకుంది, పడుకుంటే పిల్లికూతలు. మేడమ్‌కు ముందునుంచే ఊపిరితిత్తుల జబ్బు. గోడ బాగానే ఉంది, నచ్చకుంటే ఖాళీ చేసుకోమన్నాడు ఓనర్.

మేడమ్ ఊడిన పెచ్చును కవర్లో మూటగట్టి, ఓనర్ వాళ్లింటి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. "మా గోడ బాగుందంటున్నారు కదా, మీ ఇంట్లోనే ఉంచుకోండి" అన్నారు. అప్పుడు దిగొచ్చి, గోడ కొట్టించడానికి ఒప్పుకున్నాడు.

పనిరోజు నన్నూ పాపనూ లాలాపేటలో మా అమ్మ దగ్గరికి పంపేశారు. తనూ రావాల్సింది. తను లేకుంటే పొడిగోడ మీదే సుత్తి వేసి బూజు దుమ్ము లేపుతారని ఆగిపోయారు. ముందు పైపు బాగుచేయించారు. కరెంటు ఆపించి, కిటికీలు తెరిపించి, లోపలి తలుపుకు ప్లాస్టిక్ షీటు అంటించారు. పనివాళ్లకు గుడ్డలు కాదు, ముక్కుకు బిగుతుగా పట్టే మాస్కులు తెచ్చారు. గోడ తడపాలి, తర్వాతే కొట్టాలి. రాలిన పెచ్చులు గదిలోనే సంచుల్లో మూతి కట్టాలి.

మధ్యాహ్నం ఓనర్ వచ్చాడట. పని నడవట్లేదని ఆ షీటు పీకేసి, పొడిగానే కొట్టమన్నాడట. దుమ్ము ఇల్లంతా లేచింది. తర్వాత సంగతి నాకు మేస్త్రీ చెప్పాడు. మేడమ్ మాస్కు పెట్టుకుని లోపలికెళ్లి గోడకు అడ్డంగా నిలబడ్డారు. "తడపండి. తడిపేదాకా నేను కదిలేది లేదు."

తడిపారు. ఓనర్ వెళ్లిపోయాడు. ఆ రోజు మేడమ్‌కు పట్టుకున్న దగ్గు మాత్రం తగ్గలేదు.

ఆ దుమ్ము వల్లేనని చెప్పలేమన్నారు డాక్టర్లు. నేనూ అనను. కానీ 'వయసు' అన్న మాటతో దాన్ని కప్పెయ్యడానికి ఒప్పుకోను. అదీ ఒక కోటు పెయింటే. నా కోపం మేడమ్ మీద కూడా. మమ్మల్ని పంపించి తనెందుకు నిలబడాలి? ఆసుపత్రిలో అదే అడిగాను. "పాపను చూసుకో పో, నాకు పాఠం చెప్పొద్దు" అన్నారు.

గోడ పని అయ్యాక, జబ్బు ముదరక ముందు ఒక సాయంత్రం క్యాంపస్ రోడ్డు మీద ఆయాసమొచ్చి గట్టు మీద కూర్చున్నారు. పాప చెట్లదాకా ఉరికింది, వెనక్కి ఉరికొచ్చింది, మళ్లీ ఉరికింది. దగ్గలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, మాట రాక, మేడమ్ దాన్నే చూస్తూ ఇంకోసారి ఉరకమని వేలు చూపించారు.