సాయంత్రం పాలు ఎందుకు విరిగాయి?

2022 ఎండాకాలం. అప్పట్లో నేను పుంగనూరులో ఒక ప్రైవేటు పాల కేంద్రంలో ఇండస్ట్రియల్ ఇంజనీరుగా పనిచేసేదాన్ని. ఇల్లు మదనపల్లెలో. ఇండస్ట్రియల్ ఇంజనీరు అంటే ఏం చేస్తారో మా అత్తగారికి ఇప్పటికీ వివరించలేకపోయాను. మెకానికల్ వాళ్ల చేతిలో మిషన్ ఉంటుంది, సివిల్ వాళ్ల చేతిలో బిల్డింగు ఉంటుంది, మా చేతిలో పక్కవాళ్ల పని ఉంటుంది. ఒక పనిని ఎవరు, ఎంతసేపు, ఏ వరసలో చేస్తున్నారో స్టాప్‌వాచ్ పట్టుకుని చూసి, వృథా ఎక్కడుందో చెప్పడం మా ఉద్యోగం. దాన్ని టైమ్ స్టడీ అంటారు. ఊరికే నిలబడి చూస్తే జీతమిస్తారా అని అత్తగారి అనుమానం.

ఇప్పుడు కుప్పం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉన్నాను. ఈమధ్య అక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీ స్టేజి మీద పిల్లలతో మాట్లాడుతుంటే ఒకమ్మాయి లేచి, "రీసెర్చ్ ప్రొఫెసర్లు చేస్తారు కదా మేడమ్, ఫ్యాక్టరీలో వాళ్లకెందుకు?" అని అడిగింది. టైమయిపోయి ఏదో పొడిపొడిగా చెప్పి దిగిపోయాను. ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇది.

ఆ ఏడాది ఉగాది దాటాక చౌడేపల్లె రూటులో సాయంత్రం పాలు విరగడం మొదలైంది. కేంద్రానికి క్యాన్లు రాగానే ల్యాబులో మస్తాన్ ఒక్కో దాన్నుంచి కొంచెం పాలు గాజు గొట్టంలో పోసి కాస్తాడు. విరిగితే ఆ క్యాను వెనక్కే. దీనికి సి.ఓ.బి. టెస్టు అని పెద్ద పేరుంది కానీ, మన ఇళ్లలో పాలు పొయ్యి మీద పెట్టి భయంభయంగా చూసేదీ ఇదే. పొద్దుటి పాలు నిక్షేపంగా ఉండేవి. సాయంత్రం పాలే తంటా. ఆ రూటులో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నది చౌడేపల్లె పక్కన ఒక చిన్న పల్లె. వానలు సరిగా పడక సేద్యం అంతంతమాత్రం, ఇంటింటికీ రెండు మూడు ఆవులు. ఆ పాలే వాళ్ల బతుకు.

అందరూ అనుకున్న కారణం ఒకటే. పొద్దున మిగుల్చుకున్న పాలు సాయంత్రం పాలలో కలుపుతున్నారని. మేనేజరు నన్ను పిలిచి, "పది రోజుల్లో రిపోర్టు ఇవ్వండమ్మా. ఆ పల్లెలో సెంటరు మూసేద్దాం. పాలు పోయించుకునే ఆ రెడ్డెమ్మకు తెలియకుండా ఇది జరగదు," అన్నాడు. నేనూ తలూపాను. అబద్ధమెందుకు, నాకూ అలాగే అనిపించింది.

మొదటిరోజు సాయంత్రం పాల వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని రూటంతా తిరిగాను. ఆవు పొదుగు నుంచి మా కేంద్రం మెట్ల దాకా పాల ప్రయాణం నిమిషాలతో సహా రాసుకున్నాను. ఎక్కడా ఆలస్యం లేదు. అయినా ఆ రాత్రి ఆ పల్లె పాలు విరిగాయి. ఇక మిగిలింది కల్తీయే కదా. రిపోర్టు సగం మనసులోనే రాసేసుకున్నాను.

మర్నాడు పొద్దున, మిగతా వివరాలు పూర్తి చేద్దామని ఆ పల్లెకు వెళ్లాను. రెడ్డెమ్మకు యాభై ఏళ్లుంటాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది. మనిషిని చూస్తే ముందు చూపులతోనే తూకం వేస్తుంది.

"నిన్న వ్యాన్లో వచ్చి గడియారం నొక్కుకుంటా పోయింది నువ్వే గదమ్మా? ఏమని తేల్చినావు?"

"పాలు దారిలో చెడటం లేదు," అన్నాను.

"అంటే ఈడే చెడిపోతాండాయి అంటావు. నేను కలుపుతాండాను అంటావు."

ఆమె కోప్పడలేదు, ఏడవలేదు. "ఇట్ల రా," అని పాలు పోసే వసారాలోకి తీసుకెళ్లి గోడ చూపించింది. గోడ మీద సుద్దముక్కతో రెండు వరసల గీతలు. మొదటిసారి పాలు వెనక్కి వచ్చిన మర్నాటి నుంచే ఆమె ఒక పని మొదలుపెట్టిందట. సాయంత్రం అందరూ పోసిన పాలను క్యానులోకి వంచేముందు, ఒక సత్తు చెంబుతో ముంచి పక్కన పెట్టుకునేది. కేంద్రంలో టెస్టు చేసే వేళకు ఇక్కడ పొయ్యి మీద పెట్టేది. ఆ చెంబు పాలు విరిగాయా లేదా అన్నది పైవరస. కేంద్రం నుంచి వచ్చిన మాట కిందివరస. కిందివరసలో చాలా గీతలు అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. పైవరసలో ఒక్కటంటే ఒక్కటి కొట్టేసి లేదు.

"అవే పాలు. చెంబులో ఉండేటివి బాగుండాయి, క్యాన్లో పోయినేటివి ఇరిగిపోతాండాయి. యాల? నాకు తెలీదు. తెలిసినోళ్లు సూస్తారని మీ ఆఫీసుకు పొయ్యి చెప్తే, పొయ్యి మీ ఊరోళ్లకు బుద్ధి చెప్పు పో అనిరి."

నాకు సిగ్గేసింది. పరిశోధనలో కంట్రోల్ అంటారు. దేని మీద అనుమానమో అది ఒక్కటీ తప్ప మిగతావన్నీ ఒకేలా ఉన్న నమూనాను పక్కన పెట్టుకుని పోల్చి చూడడం. నాలుగేళ్లు చదివి, పరీక్షలో ఐదు మార్కులకు నేను రాసిన జవాబు అది. రెడ్డెమ్మ దాన్ని ఎవరూ చెప్పకుండా, తన మర్యాద కాపాడుకోడానికి కనిపెట్టుకుంది.

ఆ రోజు బస్సు ఎక్కకుండా అక్కడే ఉండిపోయాను. పదకొండు గంటలకు వ్యాను వచ్చి రెండు ఖాళీ క్యాన్లు వసారా ముందు దించిపోయింది. కేంద్రంలో వేడినీళ్లతో కడిగినవే, తడి ఆరలేదు. రెడ్డెమ్మ వాటి మూతలు ఇంకోసారి గట్టిగా నొక్కి బిగించింది. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. నడుము నొప్పి పుట్టి ఒక క్యాను మీద చెయ్యి ఆన్చాను. చుర్రుమంది. ఏదో తోచి మూత లాగాను. లోపల పిడికెడు నీళ్లు, గోరువెచ్చగా. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన.

"మూత తీయొద్దమ్మా," అని రెడ్డెమ్మ పరుగెత్తుకొచ్చింది. "పాలు పోసే గిన్నె నోరు తెరిసి పెడితే దిష్టి. బల్లులు గూడా ఉండాయి."

"ఈ క్యాన్లు రోజూ ఈ వేళకే వస్తాయా?"

"సంకురాత్రికి ముందరి నుంచి ఇట్లే. అంతకుముందు సాయంత్రం బండిలో వస్తాండె. ఎవురో ఇంజనీరమ్మ మార్సిందంట."

ఆ ఇంజనీరమ్మను నేనే. డిసెంబరులో ఈ రూటులో ఒక మార్పు చేశాను. పొద్దున పాలు దించిన వ్యాను ఎలాగూ ఖాళీగా తిరిగి వెళ్తుంది కాబట్టి, కడిగిన క్యాన్లు దాంట్లోనే పంపేస్తే సాయంత్రం ఒక తిరుగుడు తగ్గుతుందని లెక్కవేసి చూపించాను. ముందైతే ఆ క్యాన్లు మా కేంద్రంలోనే బోర్లించి ఉండి, ఆరి, సాయంత్రం పోయేవి. మార్చాక రెండు వారాలు చూశాను, ఒక్క క్యానూ చెడలేదు. చెడదు మరి, డిసెంబరులో మా వైపు పొద్దున్నే నోట్లోంచి పొగలొస్తాయి! మీటింగులో నాకు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అటువైపు తొంగిచూడలేదు. పాల ప్రయాణమంతా కొలిచినదాన్ని, ఖాళీ క్యాను ప్రయాణం కొలవాలని తోచనే లేదు.

మూత కింద మిగిలిన తడి ఎండకు పులిసి పాలను విరగ్గొడుతోందని, వేళ మార్చింది నేనేనని రెడ్డెమ్మకు అక్కడికక్కడే చెప్పేశాను. "నువ్వు అనుకుంటే సాలదు. మీవోళ్లు ఒప్పుకోవల్ల గదా. దానికేం చేస్తావు?" అంది.

ఇద్దరం కూర్చుని ఐదు సాయంత్రాల ప్రయోగం ఒకటి అనుకున్నాం. రెండు క్యాన్లు. ఒకదాన్ని మూత తీసి, నీడలో, ఏటవాలుగా పెట్టిన చెక్కల మీద బోర్లించాలి. బోర్లిస్తే నోరు ఆకాశానికి తెరిచినట్టు కాదు కాబట్టి దిష్టి బెంగ లేదని రెడ్డెమ్మ తీర్పు. రెండోది ఎప్పటిలాగే మూత బిగించి ఎండలో. తప్పు ఫలానా క్యానుదేనని ఎవరూ అనకుండా రోజూ వాటిని అటూ ఇటూ మార్చాలి. ప్రతి ఇంటి పాలూ సగం ఇందులో, సగం అందులో. ఏది ఏదో మస్తాన్‌కు తెలియకూడదు కాబట్టి పిడులకు ఎర్ర దారం, పచ్చ దారం కట్టి పంపాలి.

"ఏ దారం దేనిదో నేను రాసుకుంటాను," అన్నాను.

"నువ్వు యాల రాసుకునేది? నీకూ తెలీగూడదు," అంది రెడ్డెమ్మ. "మార్సింది నువ్వు. నీకు కావాల్సినట్ల సూసుకుంటావు. ఎవురైనా అంతే, నేనైనా అంతే."

ఊరి టీచరమ్మ రోజూ దారాలు కట్టి, ఏది ఏదో చీటీ మీద రాసి తన దగ్గర దాచుకునేట్టు రెడ్డెమ్మే ఆమెను ఒప్పించింది. రెడ్డెమ్మ కూడా ఆ వేళకు వసారా వదిలి వెళ్లిపోయేది. మందుల పరీక్షల్లో పెద్దపెద్ద వాళ్లు పాటించే జాగ్రత్త అది.

మేనేజరుకు చెబితే, "రీసెర్చ్ చేసుకోడానికి యూనివర్సిటీలు ఉన్నాయి కదమ్మా. మనది పాల కేంద్రం," అన్నాడు. మీరిచ్చిన పది రోజుల్లోనే ముగిస్తాను సార్ అన్నాను. మస్తాన్ మాత్రం సంబరపడిపోయాడు. "ఇన్నేళ్ల నుంచి కాస్తాండాను మేడమ్, యాల ఇరిగినాయని ఎవురూ నన్ను అడగల్యా," అన్నాడు.

ఐదో సాయంత్రం అయ్యాక, మర్నాడు టీచరమ్మ చీటీలు, మస్తాన్ పుస్తకం పక్కపక్కన పెట్టాం. బోర్లించి ఆరబెట్టిన క్యాను పాలు ఐదు రోజులూ నిలిచాయి. మూత బిగించినవి నాలుగు రోజులు విరిగాయి. మూడో రోజు మాత్రం రెండూ బాగున్నాయి. పుస్తకం వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. మస్తానే గుర్తుచేశాడు, ఆ రోజు మధ్యాహ్నం గాలివాన పడి చల్లబడిందని. ఎండే కారణమని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

రిపోర్టులో ఆ గాలివాన రోజును దాచకుండా రాశాను. క్యాన్ల వేళ మార్చింది ఎవరో కూడా రాశాను. మేనేజరు చదివి, కళ్లద్దాలు తీసి, "ఇది మీ షెడ్యూలే కదమ్మా. మీ పేరు రాయాలా?" అన్నాడు.

"ఆ పల్లెవాళ్ల పేరు రాయడానికి మనం వెనకాడలేదు కదా సార్."

ఆయన మంచివాడే. ఆ సాయంత్రమే రూటు మొత్తానికీ బోర్లించే స్టాండ్లు మంజూరు చేశాడు. సెంటరు మూసే కాగితం చింపేశాడు.

ఆ మర్నాడు సాయంత్రం ఆ పల్లెకు వెళ్లి, పాలు పోయడానికి వచ్చినవాళ్లందరి ముందు నిలబడ్డాను. "మీ పాలలో తప్పేమీ లేదు. క్యాన్ల వేళ మార్చింది నేను. తప్పు నాది," అన్నాను. వెనక నుంచి ఒక పెద్దాయన అన్నాడు, "సుట్టుపక్కల ఊర్లంతా మమ్మల్ని దొంగల మాదిర సూసె గదమ్మా. నా కూతురు అత్తగారింటోళ్లు గూడా అడిగినారు, మీరు పాలల్లో కలుపుతారంట గదా అని."

క్యాను ఆరితే పాలు నిలుస్తాయి. అన్న మాట వెనక్కి తీసుకునే ఉపాయం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రెడ్డెమ్మ పాలు కొలుస్తూనే, తలెత్తకుండా అంది. "ఉండప్పా. తప్పు చేసినోళ్లు శానామంది. వచ్చి చెప్పినోళ్లు ఎవురుండారు?" తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు మార్సినందుకు నాకు కోపం లేదమ్మా. మార్సకుంటే పనెట్ల బాగయితాది? మార్సినాక ఎండాకాలంలో ఒగసారి వచ్చి సూసింటే సాలు."