ఖైరున్నిసా మేడం మళ్లీ వచ్చిన ఏడాది

నాగర్‌కర్నూలులో నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబులో పొద్దున్నే మైక్రోస్కోపు ముందు కూర్చుని దేవదారు నూనె సీసా మూత తీస్తాను. నెత్తురు చుక్క ఆరిన గాజుపలక మీద ఆ నూనె బొట్టు వేస్తేగానీ మలేరియా క్రిమి కంటికి ఆనదు. చెక్క, బంక కలిసినట్టు ఉండే తీయటి వాసన దానిది. ఇన్నేళ్లుగా పీలుస్తున్నా కొన్ని రోజులు ఆ వాసన నన్ను గద్వాలలో నేను బీఎస్సీ చదివిన కాలేజీకి, వృక్షశాస్త్రం ల్యాబులో ఖైరున్నిసా మేడం పక్కనున్న స్టూలు మీదికి తీసుకుపోతుంది.

తొంభైల మొదటి సంవత్సరాలవి. మాది మల్దకల్. రోజూ బస్సులో గద్వాల పోయి చదువుకునేదాన్ని. చివరి ఏడాదిలో మా వృక్షశాస్త్రం సారుకు బదిలీ అయింది. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. దసరా కూడా దాటిపోయాక ప్రిన్సిపాల్ మా గ్రూపు మొత్తాన్నీ, అంటే నలుగురు ఆడపిల్లల్నీ, గదికి పిలిచి, "చెప్పేటోళ్లు లేరమ్మా. కర్నూలుకో పాలమూరుకో పోయి చదువుకుంటరేమో ఇండ్లల్ల అడగండ్రి" అన్నాడు. అడిగితే ఇంట్లో ఏమంటారో మా నలుగురికీ తెలుసు. అక్కడితో చదువు ఆగిపోయినట్టే. తలలు వంచుకుని నిలబడ్డాం.

ఆ గదిలోనే కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తెల్లటి నూలు చీర, మందపాటి కళ్లద్దాలు. పింఛను కాగితం మీద సంతకం కోసం వచ్చిందట. పూర్వం మా కాలేజీలోనే చాలా ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి, తర్వాత వేరే ఊళ్లలో పనిచేసి, ఆ ఎండాకాలమే రిటైరైందని మాకు తర్వాత తెలిసింది.

"నేను ఖాళీగనే ఉన్న సార్. నేను చెప్త" అంది.

ప్రిన్సిపాల్ ఇబ్బందిగా నవ్వాడు. "జీతమియ్యనీకె రాదు మేడం."

"జీతమెవరడిగిండ్రు? ల్యాబు తాళంచెయ్యి ఇయ్యుండ్రి, చాలు."

ల్యాబు తలుపు తెరిస్తే అలమారలకు చెదలు, మైక్రోస్కోపు అద్దాలకు బూజు. ఆమె కొంగు దోపుకుని మాతోపాటు నేల మీద కూర్చుంది. మెత్తటి పాత బట్టతో అద్దాలు ఎలా తుడవాలో చూపించింది. మాలో ఒకమ్మాయి ఆగలేక అడిగేసింది, ఇంట్లో హాయిగా ఉండక ఈ తిప్పలెందుకు మేడం అని. ఆమె తుడుస్తూనే చెప్పింది. "మా ఆయన పోయినప్పుడు నాకు ముప్పై ఏండ్లు గూడ లేవు. ఇంట్ల కూసుంటె పిచ్చి లేస్తదని గీ గదికొచ్చి కూసునేదాన్ని. పాఠం చెప్పనీకె నోరు రాకపోయేది. అయినా పిల్లలు దినాం వచ్చి బెంచీల మీద కూసునేటోళ్లు. ఒక్క మాట అడిగేటోళ్లు కాదు. ఒకనాడు నాకే నోరు తెరుచుకున్నది. గా పిల్లలు లేకుంటె నేను లేనమ్మా."

ఆమె బోర్డు మీద చాలా పెద్ద అక్షరాలు రాసేది. మా రికార్డు పుస్తకాలు తీసుకునేది కాదు, మా చేతే చదివించుకునేది. అది ఆమె పద్ధతి అనుకున్నాం.

సంక్రాంతి సెలవులు అయిపోయిన కొత్తలో ఒకరోజు పొద్దుతిరుగుడు కాండాన్ని బ్లేడుతో పలుచగా కోసి చూడమంది. నేను తొందరలో పక్క పళ్లెంలోని జొన్న కాండం ముక్క పెట్టేశాను. మేడం వచ్చి మైక్రోస్కోపులోకి వంగి చూసి, "బాగ కోసినవ్ బిడ్డా. నాళాల గుంపులు ఉంగరం లెక్క ఎంత ముద్దుగ నిలబడ్డయో సూడు" అంది. నేను చూశాను. జొన్నలో ఉంగరం ఉండదు. గింజలు చల్లినట్టు ఆ గుంపులు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒక క్షణం నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. తల ఎత్తి చూస్తే, మందపాటి అద్దాల వెనక ఆమె కంటిపాపలు తెల్లగా మసకబారి ఉన్నాయి.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి, నిన్న నేను పెట్టింది జొన్న కాండమని, అందులో ఉంగరం లేదని చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్న నీతోటి అబద్ధం చెప్పిన. ఇన్నేండ్ల నౌకరిల పిల్లలకు ఎన్నడు చెప్పలె. మాఫ్ చెయ్యి." తర్వాత మెల్లగా, "రెండు కండ్లల్ల పొరలొచ్చినయ్. ఆపరేషన్ జెయ్యాలన్నరు. చేయించుకుంటె ఎన్ని దినాలు పండవెడ్తరో తెల్వదు. మీ పరీక్షలైనంక పోత" అంది.

"అందాక ఆగొచ్చునా మేడం?"

"ఏం గాదు. ఎవరికి చెప్పకు. తెలిస్తె నన్ను రావొద్దంటరు, మీ సంగతి అంతే."

నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి నా స్టూలు ఆమె పక్కకు జరిగింది. అందరి పలకలూ నేను చూసి చెప్పేదాన్ని, ఆమె విని దిద్దేది. నేను పుస్తకంలో ఉన్నది అప్పజెప్తే వెంటనే కనిపెట్టేది. "గది నీకు తెలిసింది. నీకు కనిపించేదేందో గది చెప్పు." అంచులు ఎలా ఉన్నాయి, రంగు ఎక్కడ ముదురుగా పట్టింది, ఎన్ని వరుసలు, ఏది అనుమానంగా ఉంది? ఆమెకు చెప్పడం కోసం చూడటం వల్లనే నాకు చూడటం వచ్చింది. మిగతా ముగ్గురికీ విషయం తెలిసే ఉంటుంది. ఎవరూ నోరు విప్పలేదు.

పరీక్షలు అయిపోయాయి. నలుగురం పాసయ్యాం. ఫలితాలు రాకముందే మేడం తమ్ముడు ఆమెను కర్నూలు తీసుకుపోయాడు. కుడి కన్నుకు చూపు వచ్చింది. ఎడమ కంట్లో పొర ముదిరి లోపల ఒత్తిడి పెరిగి చూపు పోయిందట. కొన్ని నెలల ముందే తీసుకొస్తే దక్కేదని డాక్టర్లు అన్నారట.

చూడ్డానికి వెళ్లి గడపలోనే ఏడ్చేశాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ తాగించి పంపింది. నవ్వుతూనే మాట్లాడింది, కానీ చాయ్ గ్లాసు అందుకోబోతే ఆమె చెయ్యి ఒకసారి దాని పక్కగా పోయింది.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చాక, పండక్కి ఆమెను చూడబోయినప్పుడు, అన్నాళ్లూ గొంతులో ఉన్నది అనేశాను. "నేను అప్పుడే ఎవరికన్న చెప్పి ఉంటే మేడం..."

"చెప్పి ఉంటే నీతోటి మాట బంద్ చేస్తుంటి" అని నవ్వింది. నవ్వు ఆపి మళ్లీ అంది. "కాని నిన్ను చెప్పొద్దనుడు నాదే తప్పు బిడ్డా. చిన్నపిల్లవు. గంత బరువు నీ మీద పెట్టకుండ ఉండాల్సింది."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ బరువు పూర్తిగా దిగిందని చెప్పలేను. దిగాలని కూడా నాకు లేదు.

పోయిన ఏడాది ఒక పలక మీద ఎంత తిప్పినా నాకు అంచులు తేటపడలేదు. అద్దం తుడిచాను, నా కళ్లు తుడుచుకున్నాను. పక్కన కొత్తగా చేరిన అమ్మాయి తన పనిలో ఉంది. అలవాటు మీద ఏదో ఒకటి రాసేసి ఉంటే ఎవరూ అడిగేవారు కాదు. ఆ అమ్మాయిని పిలిచి, "నాకు సరిగ్గా కనిపిస్తలేదు. నువ్వు చూసి చెప్పమ్మా" అన్నాను. ఆ సాయంత్రమే డాక్టరు గారి గదికి వెళ్లి నా కళ్ల సంగతి చెప్పాను. అంతకుముందు రెండుసార్లు ఆ గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాను. ల్యాబు బల్ల మీద కళ్లద్దాలు తీసిపెట్టిన ఆ పొద్దున, తన విద్యార్థి ముందు ఆమెకు ఎంత కష్టమై ఉంటుందో నాకప్పుడు తెలిసింది.