విమానానికి రోడ్డు

సర్వే శాఖలో పదవీ విరమణ చేసిన చిదంబరంగారికి మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఉద్యోగం దొరికింది. విదేశీ ప్రయాణికుల కోసం ఊరికీ ఊరికీ మధ్య దూరాలు కొలిచివ్వడం పని. చుట్టూ పిల్లలు కంప్యూటర్లలో తలలు దూర్చి ఉంటారు. ఈయన పటం పరిచి, తడిపిన దారాన్ని గోటితో నొక్కుతూ దారి వంపులన్నీ తిప్పుతారు. "వీధిబడిలో చదివి, గోదావరి లంకలన్నీ గొలుసుతో కొలిచినవాణ్ణి నేను!" అంటారు. అంటారే గానీ, వినేవాళ్ళుండరు. మధ్యాహ్నం క్యారియర్ కూడా ఒక్కరే విప్పుకుంటారు.

ఒకనాడు అలాస్కాలో రెండు చిన్న ఊళ్ళ విమానాశ్రయాల మధ్య దూరం కావాలన్నారు. కొండలూ సరస్సులూ చుట్టి, పొద్దుటిపూటంతా కొలిచిచ్చారాయన. పక్క బల్ల దగ్గర ప్రవీణ ఆ అంకె చూసి నవ్వాపుకోలేకపోయింది.

"బాబాయిగారూ, విమానానికి రోడ్డెందుకండీ?"

"ఏంది సార్, కొండల చుట్టూ తిప్పుకుంట తెస్తరా? పెట్రోలెవరు పోస్తరు?" అన్నాడు ఎదుటి బల్ల దగ్గరి సురేష్.

గది గదంతా ఆయనవైపు తిరిగింది.

"దారిలో టీ తాగొద్దటయ్యా?" అన్నారు చిదంబరంగారు. మళ్ళీ నవ్వులు. ఆ మధ్యాహ్నం నలుగురూ ఆయన చుట్టూ చేరి, అన్నాలు తింటూ లంకల కథలు చెప్పించుకున్నారు.

మర్నాడు మరో రెండు విమానాశ్రయాలు వచ్చాయి. ఈసారి ఆయన తెలిసి తెలిసీ రోడ్డు మీదుగానే కొలిచి, కాగితం ప్రవీణ బల్లమీద పెట్టి, ఆమె నవ్వు కోసం పక్కనే నిలబడ్డారు. ప్రవీణ తలెత్తకుండానే ఆ అంకె కొట్టేసి, సరైనది తనే వేసుకుంది.