కన్నం లేని బాక్సు

నిన్న పొద్దున స్కూల్లో ప్రేయర్ బెల్ కొడుతుంటే ఫోన్. దానియేలు అన్నయ్య నంబర్.

మళ్ళీ బండి గురించేలే, తర్వాత చేద్దాం అనుకుని కట్ చేయబోయాను. ఎందుకో ఎత్తాను.

రూతు వదిన గొంతు. "అమ్మా, మీ అన్నయ్య లేడమ్మా. తెల్లారేసరికి పోయాడు. గుండెపోటు."

"ఏ అన్నయ్య వదినా?" అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న.

ఆయన ఫోన్లో చివరగా ఎవరెవరికి చేశాడో వాళ్ళందరికీ చేసి చెబుతోందట. ఆ లిస్టులో నా పేరు మూడుసార్లు ఉందట.

ఇవాళ మధ్యాహ్నం మట్టి ఇచ్చి వచ్చాం. ఒంట్లో ఓపిక లేదు. అయినా ఇది రాయకపోతే పడుకోలేను.

తెలియనివాళ్ళకి చెబుతున్నా. దానియేలు అన్నయ్య చిలకలూరిపేట బైపాస్ పక్కన కార్లకి స్పీకర్లు బిగిస్తాడు.

బిగించేవాడు.

నాకు చుట్టం కాదు, పక్కం కాదు. నా బండికి సబ్‌వూఫర్, అదే బాస్ దద్దరిల్లే పెద్ద స్పీకర్, పెట్టిన మనిషి. అంతే అనుకున్నాను నిన్నటిదాకా.

మా ఊరి నుంచి మార్టూరు అవతల మా స్కూలుకి పోను నలభై నిమిషాలు, రాను నలభై. రోజు మొత్తంలో నన్ను ఎవరూ ఏ పనికీ పిలవని టైము అదొక్కటే. ఆ కాసేపూ పాట గట్టిగా, డోలు దెబ్బ వీపుకి తగిలేలా వినాలని నా కోరిక.

రెండు షాపులకెళ్ళాను. బండి నాది, కోరిక నాది, వాళ్ళు మాట్లాడింది మాత్రం మా ఆయనతో. "సార్, మేడమ్‌కి అంత బాస్ ఎందుకండీ, తలనొప్పి వస్తుంది."

మా ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

మూడోది దానియేలు అన్నయ్య షాపు. ఆయన మా ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, నా వైపు తిరిగాడు. "ఏం పాటలు వింటావు టీచరమ్మా? వాటిల్లో నీకేది సరిగ్గా వినపడట్లేదు?"

నీకేం కావాలి అని నన్ను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. నిజంగా గుర్తు లేదు.

ఒక రోజంతా పట్టింది. సీట్లు ఊడదీసి, బ్యాటరీ నుంచి వైరు లాగి, డిక్కీలో స్పీకర్ బాక్సు బిగించి, సాయంత్రం నాలుగింటికి "పద, చూద్దాం" అన్నాడు.

నేను డ్రైవింగ్, మా ఆయన వెనక, అన్నయ్య ముందు సీట్లో. బెల్ట్ పెట్టుకోలేదు. బండి కుయ్ కుయ్ అని గోల.

"అన్నయ్యా, బెల్ట్."

"బెల్ట్ కడితే బాస్ గుండెకి ఆనదమ్మా."

క్లాసులో పిల్లల్ని కసిరినట్టు కసిరాను. వింటేనా!

పాట పెట్టాడు. అబ్బ, ఆ మొదటి దెబ్బ!

రెండో దెబ్బకి మా ఆయన తుమ్మాడు. మూడో దెబ్బకి నేను. ఇక చూడండి, ముగ్గురికీ దగ్గు, తుమ్ములు, కళ్ళల్లో నీళ్ళు. బండి పక్కకి ఆపి తలుపులు తీసుకుని బయటికి దూకాం.

సంగతేంటంటే, మా ఆయన మిర్చి యార్డుకి శాంపిల్ మిరపకాయలు నా డిక్కీలోనే వేసుకెళ్తాడు. అక్కడ ఏళ్ళనాటి కారం దుమ్ము. ఆ బాక్సుకేమో గాలి వదలడానికి వెనక ఒక కన్నం ఉంది. డోలు మోగినప్పుడల్లా ఆ కన్నం మా మొహాన కారం ఊదింది. పుట్టినప్పట్నుంచీ ఆ ఘాటే పీలుస్తున్నాం కదా, ముగ్గురిలో ఒక్కరికీ ముందు అనుమానం రాలేదు.

"ఇది బండా, కారం మిల్లా టీచరమ్మా!" అని రోడ్డు పక్కన కూలబడి నవ్వాడు.

తర్వాత నవ్వు ఆపేశాడు. "తప్పు నాదే. బండి చూశా గానీ, అందులో ఏం మోస్తారో అడగలా. కన్నం లేని బాక్సు చేసిస్తా."

అప్పటికి ఆ కన్నంలో పాత తువ్వాలు కుక్కి పంపాడు. ముక్కు మూసుకుని పాడినట్టుండేది పాట. నేను సర్దుకుపోయాను, నాకది అలవాటే. ఆయన మాత్రం సర్దుకోలేదు.

ఫోన్ చేసేవాడు. "ఎప్పుడొస్తావమ్మా? గంట పని."

పేపర్లు దిద్దాలి అన్నయ్యా. మిరప కోతలు అన్నయ్యా. మా అత్తగారికి జ్వరం అన్నయ్యా. ఆదివారం మీకు చర్చి కదా, పై శనివారం వస్తాలే.

పోయిన గురువారం మీటింగులో ఉండి కట్ చేశాను. "తర్వాత చేస్తాను" అని మెసేజ్ పోయింది. ఫోన్ దానంతటదే పంపే మెసేజ్. నేను మళ్ళీ చెయ్యలేదు.

ఇవాళ సమాధుల దగ్గర్నుంచి వచ్చాక వదిన నన్ను షాపులోకి తీసుకెళ్ళింది.

నల్ల కార్పెట్ అంటించిన బాక్సు. స్పీకర్ కూర్చునే గుండ్రటి చోటు తప్ప ఎక్కడా సందు లేదు. పైన సుద్దముక్కతో ఆయన రాత. "టీచరమ్మ బండి. కన్నం లేదు."

"నెల నుంచి ఇక్కడే ఉందమ్మా. దాని మీద ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు" అంది వదిన.

సమాధి దగ్గర రాని ఏడుపు అక్కడొచ్చింది. గంట పని. ఆ మనిషికి ఒక్క గంట ఇవ్వలేకపోయాను. నేనే పెద్ద పనిమంతురాలినైనట్టు.

డిక్కీలో మళ్ళీ మిరప సంచులు. అందుకని బాక్సుని ముందు సీట్లో పెట్టుకుని బయల్దేరాను. ఎవరు బిగిస్తారో తెలియదు. పాట పెట్టబుద్ధి కాలేదు.

బైపాస్ ఎక్కగానే బండి కుయ్ కుయ్ అనడం మొదలుపెట్టింది. బాక్సు బరువుకి సీట్లో మనిషి ఉన్నాడనుకుంది.

బండి పక్కకి ఆపాను.

బెల్ట్ కట్టాను.

ఈసారి నువ్వు వద్దనలేదు.

వెళ్ళిరా అన్నయ్యా. నువ్వు నమ్ముకున్న ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి. రూతు వదినకి ఆయనే తోడుండాలి.